ఓడిపోయిన పరుగునే అందరూ ఎందుకు షేర్ చేస్తారు?

1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో మగవాళ్ల 400 మీటర్ల గోల్డ్ ఎవరికొచ్చిందని అడిగితే అథ్లెటిక్స్ పిచ్చి బాగా ఉన్నవాళ్లు తప్ప ఎవరూ టక్కున చెప్పలేరు. అమెరికా కుర్రాడు క్విన్సీ వాట్స్, 43.50 సెకన్లు, అప్పటికి ఒలింపిక్ రికార్డు. అదే ఒలింపిక్స్‌లో అదే 400 మీటర్ల సెమీఫైనల్లో సగం కూడా పరిగెత్తకుండానే కాలు పట్టేసి కూలబడిపోయిన డెరెక్ రెడ్మండ్ వీడియో మాత్రం ముప్పై ఏళ్లు దాటినా వాట్సాప్ గ్రూపుల్లో, రీల్స్‌లో, స్కూల్ యాన్యువల్ డే ప్రొజెక్టర్ల మీద, ఆఫీసు ట్రైనింగుల్లో తిరుగుతూనే ఉంది. గెలిచినోడి పరుగు ఎవరూ ఫార్వర్డ్ చెయ్యట్లేదు, పూర్తి చెయ్యలేనోడి పరుగు చేస్తున్నారు. మోటివేషనల్ స్పోర్ట్స్ వీడియోలు మనిషి మీద ఎలా పనిచేస్తాయో అర్థం కావాలంటే ఇక్కడి నుంచే మొదలెట్టాలి.

ఆ వీడియోని ఒక్కసారి నిదానంగా చూడండి. రేసు మొదలై 150 మీటర్లు అయ్యేసరికి రెడ్మండ్ చెయ్యి ఒక్కసారిగా కుడి తొడ వెనక్కి పోతుంది, రెండు అంగలు కుంటుతూ వేసి మోకాలి మీద కూలబడతాడు, మొహం చేతుల్లో పెట్టుకుంటాడు. మిగతావాళ్లు వెళ్లిపోయారు, రేసు అయిపోయింది కూడా. అప్పుడు లేస్తాడు, లేచి ఒంటికాలి మీద గెంతుకుంటూ తన లేన్‌లోనే ముందుకి పోతుంటాడు. ఇంతలో స్టాండ్స్‌లోంచి ఒక లావుపాటి పెద్దాయన సెక్యూరిటీ వాళ్లని తోసుకుంటూ ట్రాక్ మీదకి వచ్చేస్తాడు, ఆయన రెడ్మండ్ వాళ్ల నాన్న జిమ్. నాన్న చెయ్యి పడగానే అప్పటిదాకా పళ్లు బిగబట్టి గెంతుతున్న మనిషి ఆయన భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చేస్తాడు. ఆపడానికి వచ్చిన అఫీషియల్‌ని జిమ్ చేత్తోనే అవతలికి పొమ్మంటాడు. 65 వేలమంది జనం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంటే ఇద్దరూ గీత దాటతారు. రికార్డుల్లో మాత్రం రెడ్మండ్ రేసు పూర్తి చెయ్యలేదనే ఉంటుంది, సాయం తీసుకున్నాడు కదా, రూలు ప్రకారం లెక్కలోకి రాదు.

ఈ రకం కథ మనకి కొత్తేం కాదు. 1757లో బొబ్బిలి కోట పడిపోయింది, గెలిచింది విజయనగరం వాళ్లూ వాళ్ల వెనక ఫిరంగులతో వచ్చిన ఫ్రెంచి బుస్సీ. కానీ ఊరూరా బుర్రకథగా చెప్పుకున్నది బొబ్బిలి వాళ్ల కథ, తాండ్ర పాపారాయుడి కథ. పద్మవ్యూహంలోంచి బయటికి రాలేకపోయిన అభిమన్యుడిని తల్చుకున్నంతగా వాడిని చుట్టుముట్టి చంపినవాళ్లని ఎవరు తల్చుకుంటారు? బుర్రకథ చూసినవాళ్లకి ఇంకోటి కూడా గుర్తుంటుంది, కథకుడు యుద్ధం దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న ఇద్దరి గుమ్మెటలు వేగం పెంచుతాయి, 'తందాన తాన' గట్టిపడుతుంది, కూర్చున్నవాళ్లు తెలియకుండానే ముందుకి జరుగుతారు. ఇప్పుడు రీల్ ఎడిట్ చేసే కుర్రాడు బీట్ డ్రాప్ ఎక్కడ పెట్టాలా అని చూసుకునేది అచ్చంగా అదే పని.

మన పాత అలంకార శాస్త్రంలో దీనికి చక్కటి మాట ఉంది. వీర రసానికి స్థాయీ భావం, అంటే దాని అడుగున నిలకడగా ఉండే భావం, కోపం కాదు, ఉత్సాహం. భరతుడి నాట్యశాస్త్రం చెప్పేది అదే. కరుణ రసానికేమో శోకం. ఈ స్పోర్ట్స్ వీడియోలు దాదాపు అన్నీ చేసేది ముందు శోకంలో ముంచి అందులోంచి ఉత్సాహంలోకి లాగటం. నిమిషం వీడియోలో మొదటి పదిహేను సెకన్లు ఏదో ఒకటి పోతుంది, కాలు విరుగుతుంది, సెలెక్షన్ పోతుంది, నాన్న చనిపోతాడు, టీమ్‌లోంచి తీసేస్తారు. అక్కడ చూసేవాడి గుండె మెత్తబడుతుంది. మెత్తబడిన గుండెలోకి మాట తొందరగా దిగుతుంది, అందుకే ఎడిటర్లు ముందు గెలుపు చూపించరు. గెలుపుతో మొదలుపెడితే చూసేవాడు మెచ్చుకుంటాడు, అంతే, వాడికీ తనకీ మధ్య దూరం అలాగే ఉంటుంది. ఓటమితో మొదలుపెడితే మాత్రం 'ఇది నాకూ జరిగింది' అనుకుంటాడు, ఎందుకంటే ఒలింపిక్ గోల్డ్ కోట్లమందిలో ఒక్కడికే వస్తుంది కానీ ఓడిపోవటం అందరికీ తెలుసు.

మన దగ్గరి ఉదాహరణే తీసుకుందాం. 2024 డిసెంబర్ 28, మెల్‌బోర్న్ గ్రౌండ్, బాక్సింగ్ డే టెస్టు మూడో రోజు. వైజాగ్ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి, 21 ఏళ్లు, ఆడుతున్నది నాలుగో టెస్టు, 191కి 6 వికెట్లు పోయినప్పుడు వచ్చి 99 దాకా తీసుకొచ్చాడు. అప్పుడు బుమ్రా అవుటయ్యాడు, చివరి వికెట్‌గా సిరాజ్ వచ్చాడు, కమిన్స్ ఓవర్లో ఇంకా మూడు బంతులున్నాయి. నితీశ్ అవతలి ఎండ్‌లో నిలబడి చూడటం తప్ప చేసేదేం లేదు. స్టాండ్స్‌లో వాళ్ల నాన్న ముత్యాల రెడ్డి గారు చేతులు జోడించి దేవుణ్ణి మొక్కుతున్నారు. సిరాజ్ ఆ మూడు బంతులూ కాచాడు, తర్వాత ఓవర్లో బోలాండ్ బంతిని నితీశ్ నేరుగా పైనుంచి బౌండరీకి కొట్టాడు. మోకాలి మీద కూర్చుని బ్యాట్ నిలబెట్టి దాని మీద హెల్మెట్ పెట్టి పైకి చూశాడు, కెమెరా వెంటనే నాన్న దగ్గరికి పోయింది, ఆయన ఏడుస్తున్నారు.

ఆ రోజు తెలుగు ఇళ్లల్లో ఎంతమంది కళ్లు తుడుచుకున్నారో చెప్పక్కర్లేదు, క్రికెట్ అస్సలు చూడని అమ్మలు కూడా ఆ క్లిప్ మళ్లీ మళ్లీ చూశారు. సెంచరీ షాట్‌లో అంత గొప్పేం లేదు నిజానికి, అంతకంటే మంచి షాట్లు అదే ఇన్నింగ్స్‌లో కొట్టాడు. గొప్పంతా రెండు కెమెరా షాట్లని పక్కపక్కన పెట్టటంలో ఉంది, కొడుకు మొహం, వెంటనే నాన్న మొహం. వందేళ్ల కింద రష్యాలో కులెషోవ్ అనే సినిమా డైరెక్టర్ ఈ సంగతి ప్రయోగం చేసి చూపించాడు. ఒకే నటుడి ఒకే మొహాన్ని ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికిస్తే జనం ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం చూశారట, మొహంలో ఏ మార్పూ లేకపోయినా. రెండు బొమ్మల మధ్య ఖాళీని చూసేవాడి మనసు నింపుతుంది. ముత్యాల రెడ్డి గారి కన్నీళ్ల పక్కన ఉన్న ఖాళీని ప్రతి ఇంట్లోవాళ్లూ వాళ్ల సొంత కథతో నింపుకున్నారు. దానికి తోడు కొడుకు క్రికెట్ కోసం ఆయన హిందుస్తాన్ జింక్ ఉద్యోగం వదులుకున్నారన్న సంగతి అందరికీ తెలిసింది, రాజస్థాన్ బదిలీ అయితే కొడుకు ఆట పాడవుతుందని మానేశారు. ఉద్యోగం మానేసిన నాన్న అంటే మన దగ్గర ఎంత పెద్ద మాటో, చుట్టాలు ఏమేం అని ఉంటారో, ఎవరూ వివరించక్కర్లేదు.

ఇక్కడ మనస్తత్వ శాస్త్రం చెప్పేది ఒకటి బాగా పనికొస్తుంది. ఆల్బర్ట్ బందూరా అనే ఆయన 1977లో ఒక మాట చెప్పాడు, 'ఇది నావల్ల అవుతుంది' అనే నమ్మకం మనిషికి నాలుగు దారుల్లో వస్తుందని. మొదటిది తను స్వయంగా చేసి సాధించటం. రెండోది తనలాంటి ఇంకొకడు చేయటం చూడటం. మూడోది ఎవరైనా 'నువ్వు చెయ్యగలవు' అని గట్టిగా చెప్పటం. నాలుగోది ఒంట్లో కలిగే ఊపు, గుండె దడ, చెమట, దాన్ని మనం ఎలా అర్థం చేసుకుంటామనేది. వీటిలో మొదటిదే అన్నిటికంటే బలమైందని కూడా ఆయనే చెప్పాడు.

ఇప్పుడు ఏ మోటివేషన్ వీడియో అయినా తీసుకుని ఈ నాలుగిటి పక్కన పెట్టండి. తనలాంటోడు గెలవటం చూపిస్తుంది, అది రెండోది. వెనకాల గొంతు 'లే, ఇంకా అయిపోలేదు' అంటుంది, అది మూడోది. మ్యూజిక్ గుండెని కొట్టుకునేలా చేస్తుంది, అది నాలుగోది. నాలుగు తలుపుల్లో మూడు ఒక్క నిమిషంలో తెరిచేస్తుంది, అందుకే అంత బలంగా తగులుతుంది. మొదటి తలుపు మాత్రం వీడియో ముట్టుకోలేదు. అది చూసేవాడు ఫోన్ పక్కన పెట్టి లేస్తేనే తెరుచుకుంటుంది. ఈ వీడియోల శక్తీ వాటి పరిమితీ రెండూ ఇక్కడే ఉన్నాయి.

రెండో తలుపు దగ్గర 'తనలాంటోడు' అన్న మాట చాలా ముఖ్యం. అమెరికా బాస్కెట్‌బాల్ స్టార్ మైకేల్ జోర్డాన్ వీడియో చూసి వచ్చే ఊపు వేరు, వరంగల్ జిల్లా కల్లెడ ఊరి కూలి ఇంటి అమ్మాయి జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో బ్రాంజ్ కొట్టటం చూస్తే వచ్చే ఊపు వేరు. మాట మనది, ఊరు మనది, ఎగతాళి చేసిన ఇరుగుపొరుగు కూడా మనకి తెలిసిన రకమే. ఎంత దగ్గరగా ఉంటే అంత గట్టిగా పట్టుకుంటుంది. తెలుగు ఛానళ్లు ఇంకా ఎక్కువగా అమెరికన్ బాస్కెట్‌బాల్ క్లిప్పుల మీద తెలుగు వాయిస్ అతికించి పెడుతున్నాయి, మన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ మెడల్ గెలిచిన మొదటి భారతీయ మహిళ అయిన కథ మాత్రం అంతగా కనపడదు. శ్రీకాకుళం జిల్లా పల్లెటూరి అమ్మాయి కథ కంటే మన పిల్లలకి దగ్గరైంది ఇంకేముంటుంది, ఇది నిజంగా బాధ కలిగించే విషయం.

మూడో తలుపు, గొంతు. ఈ వీడియోల్లో చాలాసార్లు వినపడే గొంతుకీ కనపడే మనిషికీ సంబంధమే ఉండదు. ఎరిక్ థామస్ లాంటి అమెరికన్ స్పీకర్లు ఎక్కడో స్టూడెంట్స్ ముందు ఇచ్చిన స్పీచ్‌ని ఎవరో ఆటగాడి వర్కవుట్ మీద వేస్తారు, మాట ఒకరిది, చెమట ఇంకొకరిది. చూసేవాడి మనసులో మాత్రం ఆ రెండూ కలిసిపోతాయి, చెమట చూసి మాట నమ్ముతాడు. తెలుగులో అయితే ఇంకో సంగతి గమనించాలి. ఈ వాయిస్ ఓవర్లు 'మీరు లేవండి, మీరు పరిగెత్తండి' అని ఎప్పుడూ అనవు. అంటే సగం బలం అక్కడే పోతుంది. 'లేవరా', 'నువ్వు పడ్డావ్, అయితే ఏంటి' అంటాయి. ఆ ఏకవచనం మన ఇంట్లో నాన్నది, పెదనాన్నది, పీఈటీ సార్‌ది. చిన్నప్పుడు మనల్ని అలా పిలిచి మన మంచి కోరినవాళ్లు ఎవరో ఆ స్థానంలోకి ఈ గొంతు వచ్చి కూర్చుంటుంది, అందుకే ముక్కూ మొహం తెలియని మనిషి గదమాయిస్తున్నా కోపం రాదు, కళ్లల్లో నీళ్లొస్తాయి. అమ్మాయిలకి మాత్రం ఇక్కడ అన్యాయం జరుగుతోంది, అన్ని వీడియోలూ 'రా' అనే మాట్లాడతాయి, సగం జనాభా పక్కన నిలబడి వింటున్నట్టు ఉంటుంది.

నాలుగోది మ్యూజిక్, స్లో మోషన్. వ్యాయామం చేసేటప్పుడు పాటలు వింటే ఏమవుతుందో లండన్ బ్రూనెల్ యూనివర్సిటీలో కోస్టాస్ కరగియోర్గిస్ చాలా ఏళ్లుగా పరిశోధన చేస్తున్నాడు. ఒక మోస్తరు వేగంతో చేసే పనికి తగ్గ బీట్ ఉంటే అలసట తక్కువగా అనిపిస్తుంది, కానీ ఒళ్లు హూనమయ్యేంత కష్టపడేటప్పుడు ఒంటి నొప్పే మనసంతా ఆక్రమిస్తుంది, అప్పుడు పాట అంతగా సాయం చెయ్యదు. ఈ తేడా గుర్తుపెట్టుకోవాల్సిందే, ఎందుకంటే సోఫాలో కూర్చుని వింటున్నప్పుడు ఆ మ్యూజిక్ ఇచ్చే ధైర్యం ఆఖరి రెండు వందల మీటర్ల దగ్గర అదే స్థాయిలో తోడుండదు. ఇక స్లో మోషన్ సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. 2016లో అమెరికా పరిశోధకులు చూపించిందేంటంటే, ఒకే పనిని మామూలు స్పీడులో కాకుండా స్లో మోషన్‌లో చూపిస్తే ఆ మనిషి అది కావాలని, ఆలోచించి చేశాడని చూసేవాళ్లకి ఎక్కువగా అనిపిస్తుంది. వాళ్లు చూసింది నేరాల వీడియోలు, ఫుట్‌బాల్ ఢీకొట్టుకోవటాలు. కానీ మన రీల్స్‌కి కూడా ఇది సరిగ్గా సరిపోతుంది. కింద పడ్డ ఆటగాడు అర సెకనులో అలవాటుకొద్దీ లేచిపోతాడు, దాన్నే ఐదు సెకన్లకి సాగదీస్తే అక్కడ ఒక నిర్ణయం కనపడుతుంది, 'నేను లేవాలి' అని మనిషి మనసులో అనుకున్నట్టు ఉంటుంది. చూసేవాడికి ఆ ఐదు సెకన్లు సరిపోతాయి, తన సంగతి కూడా నిర్ణయించుకోవటానికి.

అలాగని ఈ హంగులన్నీ ఉంటేనే పనిచేస్తుందని కాదు. 2025 మేలో దక్షిణ కొరియా గుమీలో ఏషియన్ అథ్లెటిక్స్‌లో వైజాగ్ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్ 12.96 సెకన్లలో పరిగెత్తి గోల్డ్ కొట్టింది. వర్షం, స్టాండ్స్ దాదాపు ఖాళీ. పోడియం మీద జనగణమన వస్తుంటే ఆమె కళ్లల్లో నీళ్లు, చుట్టూ కుర్చీలు తప్ప ఎవరూ లేరు. ఆ క్లిప్ మీద డప్పుల మ్యూజిక్ అక్కర్లేదు, ఎవరూ ఏమీ అనక్కర్లేదు. ఎవరూ చూడకపోయినా పరిగెత్తిన మనిషి ఆమె, రోజూ తెల్లారుజామున ఒక్కడే ప్రాక్టీస్ చేసుకునే ఎవరికైనా ఆ ఖాళీ కుర్చీలు బాగా తెలుసు. దీనికంటే నిజాయితీ గల మోటివేషన్ వీడియో ఈ మధ్య రాలేదు.

ఇప్పుడు అసలు గట్టిగా మాట్లాడాల్సిన సంగతి, ఈ వీడియోలు ఏం కట్ చేస్తున్నాయి అన్నది. మైకేల్ జోర్డాన్‌ని హైస్కూల్ టీమ్‌లోంచి తీసేశారు అనే వాక్యం లేని మోటివేషన్ ఛానల్ ఉండదు. జరిగిందేంటంటే 1978లో విల్మింగ్టన్‌లో లేనీ హైస్కూల్‌లో జోర్డాన్ ఇంకా చిన్న క్లాసులో ఉన్నాడు, పెద్ద టీమ్‌కి తీసుకోలేదు, తనకంటే పొడుగున్న ఇంకొక కుర్రాడిని తీసుకున్నారు, జోర్డాన్‌ని జూనియర్ టీమ్‌లో పెట్టారు. అక్కడ ఏడాదంతా ఆడాడు, బాగా ఆడాడు. బాధపడ్డ మాట నిజమే, ఇంటికెళ్లి ఏడ్చిన మాటా నిజమే. కానీ 'గెంటేశారు' కి 'జూనియర్స్‌లో ఆడు' కి చాలా తేడా ఉంది. ఆ జూనియర్ టీమే లేకపోతే రోజూ ఆట ఉండేది కాదు, కోచ్ ఉండేవాడు కాదు. సెలెక్ట్ కాని కుర్రాడు ఆ వీడియో చూసి 'నేనూ జోర్డానే' అనుకుంటాడు, బావుంది, కానీ తర్వాత ఏడాది ఎక్కడ ఆడాలి, ఎవరి దగ్గర నేర్చుకోవాలి అన్న ముక్క వీడియోలో లేదు, వాడికి అన్నిటికంటే అవసరమైన ముక్క అదే.

రెడ్మండ్ వీడియోలో కూడా అంతే. అతను ముందు ఏడాదే, 1991 టోక్యో వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో అమెరికాని ఓడించి గోల్డ్ కొట్టిన బ్రిటన్ 4×400 రిలే టీమ్‌లో ఉన్నాడు. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో తన హీట్ (మొదటి రౌండ్ రేసు) మొదలవ్వటానికి నిమిషంన్నర ముందు గాయంతో తప్పుకోవాల్సి వచ్చింది, ఆ తర్వాత ఎన్నో ఆపరేషన్లు. అవన్నీ తెలిస్తే ఆ గెంతడం వెనక నాలుగేళ్ల బరువు కనపడుతుంది. తెలియకపోతే అది ఒక్క నిమిషం మొండితనంలా కనపడుతుంది.

పీవీ సింధు సంగతి చూడండి. రియో 2016 ఒలింపిక్స్‌కి ముందు మూడు నెలలు ఆమె బ్యాడ్మింటన్ కోచ్ గోపీచంద్ ఆమె ఫోన్ తీసేసుకున్నారు, ఐస్‌క్రీమ్ కూడా తిననివ్వలేదు, సిల్వర్ వచ్చాక ఆయనే ఫోన్ ఇచ్చేస్తానన్నారు. ఈ ఫోన్ కథ మీద తెలుగులో లెక్కలేనన్ని వీడియోలున్నాయి, మంచిదే, పిల్లలకి నిజంగా పనికొస్తుంది. కానీ అదే సింధు వెనక ఇంకా చాలా ఉంది. అమ్మా నాన్నా ఇద్దరూ వాలీబాల్ ప్లేయర్లు, నాన్న రమణ గారు 1986 సియోల్ ఏషియన్ గేమ్స్‌లో బ్రాంజ్ తెచ్చిన టీమ్‌లో ఉన్నారు, అర్జున అవార్డీ. చిన్నప్పటి నుంచీ ఇంటి నుంచి గచ్చిబౌలి దాకా రోజూ తెల్లవారకుండానే తీసుకెళ్లి తీసుకొచ్చేవాళ్లు. ఆ గచ్చిబౌలి అకాడమీకి ప్రభుత్వం స్థలం ఇచ్చింది, గోపీచంద్ ఇల్లు తాకట్టు పెట్టారు, పారిశ్రామికవేత్త నిమ్మగడ్డ ప్రసాద్ 5 కోట్లు ఇచ్చారు. అంటే ఆ సిల్వర్ మెడల్‌లో ఒక ఇల్లు, ఒక స్థలం, ఒక కోచ్ జీవితం, ఇద్దరు తల్లిదండ్రుల తెల్లవారుజాములు ఉన్నాయి. రీల్‌లో మాత్రం ఒక అమ్మాయి, ఒక ఫోన్. చూసిన పదో క్లాసు పిల్ల ఫోన్ మూడు నెలలు మానేసి మెడల్ రాలేదేంటి అని తనని తాను తిట్టుకుంటే తప్పు ఆ పిల్లది కాదు.

ఒంటరిగా గెలిచినట్టు చూపించటంలో ఇంకో ప్రమాదం ఉంది, ఓడిపోయినవాళ్లు కనపడరు. అంతే కష్టపడి, అంతే తెల్లవారుజామున లేచి, జిల్లా స్థాయి దాటలేనివాళ్లు వేలమంది, వాళ్ల మీద ఎవరూ వీడియో తియ్యరు. 'కష్టపడితే తప్పక వస్తుంది' అన్న మాట అలా పుడుతుంది, వచ్చినవాళ్లనే లెక్కపెట్టి.

నొప్పి విషయంలో అయితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 2002లో యాంటిగ్వాలో దవడ విరిగిన కుంబ్లే తల చుట్టూ కట్టు కట్టుకుని 14 ఓవర్లు వేసి వెస్టిండీస్ స్టార్ లారాని అవుట్ చేశాడు, చూస్తే ఒళ్లు గగుర్పొడుస్తుంది, అది మామూలు ధైర్యం కాదు. కానీ ఆయన పక్కన టీమ్ వాళ్లున్నారు, డాక్టర్లున్నారు, మర్నాడే ఆపరేషన్‌కి ఇంటికి బయల్దేరాడు. అదే వీడియో చూసి మోకాలు వాచిన కుర్రాడు ఫిజియో మొహం చూడకుండా నెల రోజులు పరిగెత్తితే ఆ మోకాలు శాశ్వతంగా పోతుంది. ఎప్పుడూ జిమ్‌కి వెళ్లనివాడు ఒక్క వీడియో ఊపులో మొదటి రోజే ఒళ్లు విరిగేలా చేస్తే కండ కరిగి కిడ్నీల మీదకి వచ్చిన కేసులు డాక్టర్లకి బాగా తెలుసు. 'నొప్పే నీ స్నేహితుడు' రకం మాటలు రాసేవాళ్లు ఇది తెలిసి రాస్తే బావుంటుంది. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టోక్యో ఒలింపిక్స్‌లో గాల్లో ఒంటి మీద పట్టు తప్పుతోందని గ్రహించి టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకుంది, ఎన్ని మాటలన్నారో అప్పుడు. 2024 పారిస్‌కి తిరిగొచ్చి మూడు గోల్డ్‌లూ ఒక సిల్వరూ తీసుకెళ్లింది. ఆగటం తెలిసిన మనిషి వీడియో కూడా పిల్లలకి చూపించాలి.

ఇక చూశాక ఏమవుతుంది? గాబ్రియెల్ ఓటింజెన్ అనే సైకాలజిస్టు చాలా ఏళ్లు దీని మీదే పనిచేసింది. అంతా అయిపోయినట్టు, గెలిచేసినట్టు ఊహించుకున్నవాళ్లలో ఊపు పెరగకపోగా తగ్గింది, ఒంటి లెక్కలు కూడా అదే చూపించాయి, బీపీ దిగింది. మనసు ఆల్రెడీ పోడియం ఎక్కేసింది, ఇంక కాళ్లు ఎందుకు కదలాలి? కానిస్టేబుల్ ఈవెంట్స్‌కి ప్రాక్టీస్ చేసే ఏ జిల్లా గ్రౌండుకైనా పొద్దున్నే వెళ్లి చూస్తే ఈ తేడా కళ్ల ముందే ఉంటుంది. ఇయర్ ఫోన్స్‌లో స్పీచ్ వింటూ మొదటి రౌండ్ బాణంలా దూసుకెళ్లి రెండో రౌండ్‌కి నడుం పట్టుకుని నిలబడిపోయేవాళ్లు ఒక రకం. 1600 మీటర్లని నాలుగు రౌండ్లుగా విడగొట్టుకుని, ఏ రౌండ్ ఎన్ని సెకన్లలో పోవాలో చెయ్యి మీద పెన్నుతో రాసుకుని, మూడో రౌండ్‌లో ఊపిరి అందనప్పుడు ఏం చెయ్యాలో ముందే అనుకుని వచ్చేవాళ్లు ఇంకో రకం. రెండో రకం వాళ్లు కూడా రాత్రి వీడియోలు చూసినవాళ్లే. కాకపోతే వీడియో ఆపేశాక ఇంకో ఐదు నిమిషాలు కాగితంతో కూర్చున్నారు. 'ఫలానాది జరిగితే ఫలానాది చేస్తా' అని ముందే రాసి పెట్టుకున్నవాళ్లు అనుకున్నది చెయ్యటానికి అవకాశం ఎక్కువని పీటర్ గోల్‌విట్జర్ 1999లోనే రాశాడు.

మన కథల్లో మోటివేషన్ అంటే జాంబవంతుడి తర్వాతే ఎవరైనా. సముద్రం ఒడ్డున వానరులంతా నావల్ల కాదంటే నావల్ల కాదని కూర్చున్నారు, హనుమంతుడు ఒక పక్కన మాట్లాడకుండా ఉన్నాడు. జాంబవంతుడు వెళ్లి ఏం చెప్పాడు? ఇంకెవరో గెలిచిన కథ చెప్పలేదు. హనుమంతుడి కథే హనుమంతుడికి చెప్పాడు, పుట్టగానే సూర్యుణ్ణి పండనుకుని ఎగిరావు, గుర్తు తెచ్చుకో అని. బందూరా చెప్పిన మొదటి తలుపు, స్వయంగా చేసిన పని, జాంబవంతుడు తట్టింది సరిగ్గా దాన్నే. అదే కురుక్షేత్రంలో శల్యుడు రథం తోలుతూ కర్ణుడి చెవిలో అర్జునుడి గొప్పలు పోస్తూ ఉంటాడు, శల్య సారథ్యం అన్న మాట అలా మిగిలిపోయింది. కొన్ని మోటివేషన్ వీడియోలు తెలియకుండానే శల్యుడి పని చేస్తాయి. 'వాడు నాలుగింటికి లేచాడు, నువ్వు పడుకున్నావ్, అందుకే నువ్విలా ఉన్నావ్' అని రోజూ చెవిలో పోస్తే ఎవడికైనా చేతిలో విల్లు బరువెక్కుతుంది. మంచి కోచ్‌లు అందుకే పిల్లల ఫోన్లో వాళ్ల సొంత వీడియోలే తీసి ఉంచుతారు, ఆరు నెలల కింద నీ స్టార్ట్ ఇలా ఉండేది, ఇప్పుడు ఇలా ఉంది చూడు అంటారు. ముప్పై సెకన్ల ఆ వణుకుతున్న క్లిప్‌కి మ్యూజిక్ ఉండదు, వ్యూస్ ఉండవు, కానీ ఆ పిల్లాడి మీద దానంత బలంగా ఏదీ పనిచెయ్యదు.

పెద్ద ఆటగాళ్లకి కూడా బయటి నుంచి ఒక బొమ్మ, ఒక మాట కావాల్సి వస్తుంది, అందులో చిన్నతనం ఏం లేదు. 2025 ఆగస్టు, లండన్ ఓవల్, ఇంగ్లండ్‌తో ఐదో టెస్టు. నాలుగో రోజు సిరాజ్ బౌండరీ దగ్గర హ్యారీ బ్రూక్ క్యాచ్ పట్టాడు, పట్టి కాలు తాడు మీద పెట్టేశాడు, 19 దగ్గర పోవాల్సిన బ్రూక్ 111 కొట్టాడు. మ్యాచ్ పోతే ఆ కాలే గుర్తుంటుంది అందరికీ. ఐదో రోజు ఇంగ్లండ్‌కి కావాల్సింది 35 పరుగులు, చేతిలో 4 వికెట్లు. ఆ రోజు పొద్దున్నే సిరాజ్ గూగుల్‌లో వెతికి ఫుట్‌బాల్ స్టార్ రొనాల్డో ఫొటో మీద 'బిలీవ్' అని రాసున్న బొమ్మ ఒకటి డౌన్‌లోడ్ చేసుకుని ఫోన్ వాల్‌పేపర్‌గా పెట్టుకున్నాడట, మ్యాచ్ అయ్యాక తనే చెప్పాడు. మన టోలీచౌకి ఆటో డ్రైవర్ కొడుకు, 2020లో నాన్న పోయినప్పుడు ఆస్ట్రేలియాలోనే ఉండిపోయి ఆడినవాడు, ఎంతోమంది రీల్స్‌లో తనే మోటివేషన్ అయినవాడు, ఆ పొద్దున ఇంకొకరి ఫొటో వెతుక్కున్నాడు. వాల్‌పేపర్ పెట్టుకోవటానికి నిమిషం కూడా పట్టి ఉండదు. అప్పటికే ఆ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి, వెయ్యికి పైగా బంతులు వేసిన ఒంటితో గ్రౌండ్‌లోకి దిగాడు. ఇంగ్లండ్ ఆఖరి వికెట్ అట్కిన్సన్ ఆఫ్ స్టంప్‌ని పడగొట్టి మ్యాచ్ గెలిపించిన యార్కర్ సిరీస్ మొత్తం మీద అతను వేసిన 1113వ బంతి.